ఒక ఎర్ర బల్బు, రెండు తీగలు

మెకానిక్ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను చూసి లోలోపల నవ్వుకుంటారని నాకు తెలుసు. ఇప్పుడు బండిలో ఇంజన్ లైటు వెలిగితే స్టీరింగ్ కింద ఒక ప్లగ్గు పెడతారు, చేతిలోని యంత్రం ఏదో అంకె చూపిస్తుంది, ఆ అంకెను బట్టి ఏ భాగం చెడిందో చెప్పేస్తారు. అది చూస్తే నాకు ముచ్చటేస్తుంది. కొంచెం కుళ్ళు కూడా. మా కాలంలో డాష్‌బోర్డు మీద ఒకే ఒక్క ఎర్ర బల్బు ఉండేది. అది వెలిగితే ఏదో బాగాలేదని అర్థం. ఏది బాగాలేదో అది చెప్పదు. దాన్ని తెలుసుకోవడమే నా ఉద్యోగం, నా జీవనం, నిజం చెప్పాలంటే నా సరదా కూడా.

బళ్ళారి కౌల్ బజార్‌లో మాది ధాన్యం కొట్టు. తాతల నాటి వ్యాపారం. నేను తరాజు దగ్గర కూర్చోవాల్సినవాణ్ణి. కానీ బస్తాలు దించడానికి వచ్చే లారీ బానెట్ ఎత్తితే చాలు, కొట్టు వదిలేసి దాని ముందు నిలబడేవాణ్ణి. మా నాయన తల పట్టుకునేవాడు. "ఏందప్పా నీ కర్మ, శెట్లింట్లో పుట్టి మసి పూసుకునేదానికి యాడ నేర్చినావు?" అని అడిగేవాడు. చివరికి ఆయనే విసిగిపోయి నన్ను మస్తాన్ సాబ్ షెడ్డుకు తీసుకుపోయి అప్పగించాడు. ఆ తర్వాత ఎవరైనా ఇంటికి వస్తే "వీడు మా ఇంట్లో మెకానిక్కు" అని పరిచయం చేసేవాడు, మా ఇంట్లో పిల్లి అన్నట్టు.

ఈ నాలుగు మాటలూ ఎందుకు రాస్తున్నానంటే, పనిముట్లు మారినా మనుషులు మారరు. బండి చెడిపోవడం వెనక ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషిని చదివే యంత్రం ఇంకా రాలేదు.

మా ఉస్తాద్

మస్తాన్ సాబ్ సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. కోపం ముక్కు మీదే ఉండేది, కానీ అది బండ్ల మీద కాదు, తొందరపడే మనుషుల మీద. షెడ్డులోకి బండి రాగానే స్పానర్ పట్టుకుని ఎగబడేవాడంటే ఆయనకు ఒళ్ళు మండేది. "పహలే సున్నా, బాద్ మే ఖోల్నా" అనేవాడు. ముందు వినాలి, ఆ తర్వాతే విప్పాలి అని. వినడమంటే ఇంజన్ చప్పుడు వినడమని నేను చాన్నాళ్ళు అనుకున్నాను. పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒక కొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని గంటలు గంటలు వినేవాణ్ణి. ఆయన చెప్పింది దాని గురించి కాదని తారానగర్ జీపు వచ్చాక గాని అర్థం కాలేదు.

మా జిల్లాలో ఏ బండికి ఏ రోగం వచ్చినా నెపం ఓర్ దుమ్ము, అంటే ఇనుప గనుల దుమ్ము మీద పడుతుంది. దోణిమలై గనుల నుంచి ఇనుప రాయి మోసే లారీలు తిరిగే దారుల్లో ఆకులు, ఇళ్ళ గోడలు, గేదెల వీపులు అన్నీ ఎర్రగా ఉంటాయి. కాబట్టి బండి దగ్గితే దుమ్ము, ఆగితే దుమ్ము. తారానగర్ నుంచి ఒక డీజిల్ జీపు వచ్చింది. నల్లటి పొగ, లాగే శక్తి లేదు. డ్రైవర్ దిగుతూనే తీర్పు చెప్పేశాడు: "దుమ్మే సాబ్. పంపులోకి పోయిండాది. విప్పండి."

నేను స్పానర్ తీశాను. మస్తాన్ సాబ్ నా చెయ్యి పట్టుకుని ఆపి, డ్రైవర్‌ను పక్కన కూర్చోబెట్టి టీ తెప్పించాడు. వాళ్ళ ఊరి కబుర్లు, వానల కబుర్లు అయ్యాక మెల్లగా అడిగాడు.

"దుమ్ముకు నువ్వేం చేస్తాండావప్పా? మంచి డ్రైవర్‌వి. ఊరికే ఉండే రకం కాదు."

డ్రైవర్ మొహం వెలిగిపోయింది. "నేనెందుకు ఊరికే ఉంటా సాబ్? మా ఇంటామె పాత చీర నాలుగు మడతలు పెట్టి గాలి లోపలికి పోయే గొట్టానికి కట్టినా. ఇంగ దుమ్ము యాడినుంచి వస్తాది?"

దుమ్ముతో పాటు గాలి కూడా రావడం లేదు పాపం ఆ ఇంజన్‌కు. చీర విప్పితే జీపు గుర్రంలా కదిలింది. మనిషి తను మంచికని చేసిన పనిని తప్పుల్లో లెక్కెయ్యడు, అందుకని మనకు చెప్పడు అని ఆ రోజు మస్తాన్ సాబ్ అన్నాడు. నేను తలూపాను గాని, ఆ మాట లోపలికి దిగడానికి ఇంకో బండి రావాల్సి వచ్చింది. అసలు చెప్పాలనుకున్నది ఆ బండి గురించే.

ఒంటికొక ఊరు, గుండెకొక ఊరు

ముందు ఇంజన్ మార్పిడి గురించి రెండు మాటలు. పెట్రోలు మండిపోతున్న రోజులవి. పెద్దింటివాళ్ళు ఒకప్పుడు మోజుపడి కొన్న పాత విలాయతి కార్లు షెడ్లలో మూలుగుతూ ఉండేవి. చూడ్డానికి మహారాజులు, తాగడానికి కుంభకర్ణులు. వాటి సొంత ఇంజన్ దింపేసి, ఎక్కడో పల్టీకొట్టిన డీజిల్ వ్యాన్ ఇంజన్ తెచ్చి అందులో కూర్చోబెట్టేవాళ్ళు. మేమూ చేశాం. అందులో తప్పేమీ లేదు. బండి బతుకుతుంది, ఇంటివాళ్ళూ బతుకుతారు.

కానీ నా అభిప్రాయం దాచుకోకుండా చెబుతాను. ఇంజన్ మార్చేవాళ్ళలో నూటికి తొంభై మంది ఇనుము పని బాగా చేస్తారు, తీగల పని పాడు చేస్తారు. కొత్త ఇంజన్ లోపల కూర్చున్న రోజు షెడ్డులో పండగలాగా ఉంటుంది, టెంకాయ కొడతారు. తీగలు కలపడం పండగ మర్నాడు గిన్నెలు తోమడం లాంటిది. అప్పటికి అందరికీ ఓపిక అయిపోయి ఉంటుంది, బండి ఓనర్ గుమ్మంలో నిలబడి ఉంటాడు. ఏ తీగ దొరికితే ఆ తీగ కలిపి పంపేస్తారు. ఇంజన్ మారిన బండిలో ఏ లైటు వెలిగినా, ముందు ఆ లైటుకు తన పని ఏమిటో తెలుసా లేదా అని చూడండి.

పడవ వచ్చింది

ఒక ఎండాకాలం పొద్దున వెంకటరత్నం గారు మా షెడ్డుకు వచ్చారు. కోస్తా నుంచి వచ్చి తుంగభద్ర కాలువ కింద వరి పండించే కుటుంబం వాళ్ళది. అలాంటివాళ్ళు కట్టుకున్న ఊళ్ళను మా వైపు క్యాంపులు అంటారు. ఆయన కారు రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి కాలపు అమెరికా కారు. ఎంత పొడుగంటే క్యాంపు జనం దాన్ని పడవ అని పిలిచేవాళ్ళు. లోపల వ్యాన్ ఇంజన్. వేరే ఊళ్ళో ఎవరో మార్చారు.

అప్పటికి షెడ్డు నేనే చూసుకుంటున్నాను. మస్తాన్ సాబ్‌కు చూపు తగ్గింది, గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని అందరినీ తిడుతూ ఉండేవాడు.

"ఎర్ర లైటు వెలుగుతోందండీ" అన్నారు రత్నం గారు. "ఆయిల్ మార్పించాను. ఆయిల్ స్విచ్చి మార్పించాను. ఒకాయన ఇంజన్ దింపాల్సిందే అన్నాడు. దింపితే బండి ఎన్నాళ్ళు మూలనుంటుందో చెప్పలేనన్నాడు. అది నాకు కుదరదండీ."

ఎందుకు కుదరదో ఆయన వెనక సీటు తలుపు తెరిచి చూపించారు. ఆ సీటు మీద పరుపు, దిండు. ఆయన భార్య సుభద్రమ్మ గారు కళ్ళంలో జారిపడి నడుము విరగ్గొట్టుకున్నారు. బళ్ళారి పెద్దాసుపత్రిలో వారం వారం బరువులు కట్టి లాగే వైద్యం జరుగుతోంది. ఆమె బస్సులో కూర్చోలేరు, జీపులో కుదుపు తట్టుకోలేరు. నిలువునా పడుకోబెట్టి తీసుకురాగల సీటు చుట్టుపక్కల ఈ పడవలోనే ఉంది. మధ్యలో మానకుండా తీసుకొస్తే లేచి కూర్చుంటుందని డాక్టరు చెప్పాడట. మానితే ఏమవుతుందో డాక్టరు చెప్పలేదు, ఈయనా అడగలేదు. ఆ పూట ఆమెను ఆసుపత్రిలో దించి, వైద్యం అయ్యేలోగా మా దగ్గరకు వచ్చారు.

"ఎప్పుడు వెలుగుతాండాది రత్నంగారూ?"

"వచ్చేటప్పుడు ఎప్పుడూ వెలగలేదండీ. ఇంటికి పోయేటప్పుడే. అదీ కాసేపు వెలిగి దానంతటదే ఆరిపోతుంది."

"బండికి కొత్తగా ఏమన్నా పెట్టించినారా?"

"అబ్బే, లేదండీ. ఇంజన్ జోలికి ఎవర్నీ పోనివ్వలేదు." ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. "నాకు ఒక్కటి చెప్పండి శెట్టిగారూ. ఆ లైటు నిజం చెప్తోందా, అబద్ధం చెప్తోందా? నిజమైతే దార్లో ఆపేస్తాను, ఎవర్నైనా సాయం పిలుస్తాను. అబద్ధమైతే దాని మొహం చూడను. కాలువ గట్టు మీద, ఆ ఎండలో, మనిషిని వెనకాల పడుకోబెట్టుకుని, ఆపాలో పోవాలో తెలియక నా ప్రాణం పోతోందండీ."

నాకు ఆ ప్రశ్న చాలా నచ్చింది. బాగు చెయ్యండి అని అందరూ అంటారు. నిజమా అబద్ధమా అని అడిగినవాడు ఆయనొక్కడే.

బల్బు వెనక

డాష్‌బోర్డు కిందికి దూరి పడుకుని ఆ బల్బు వెనకవైపు చూశాను. చూడగానే నవ్వొచ్చింది. బల్బు వెనక ఒకే కొసకు రెండు తీగలు పురిపెట్టి కట్టి ఉన్నాయి. ఒకటి ఇంజన్ ఆయిల్ స్విచ్చి నుంచి వస్తోంది. రెండోది బ్యాటరీని చార్జి చేసే డైనమో నుంచి. వ్యాన్‌లో ఈ రెండింటికీ రెండు బల్బులు ఉంటాయి. పాత కారులో ఉన్నది ఒక్కటే. ఇంజన్ మార్చినాయన ఇంకో బల్బు పెట్టడానికి బద్ధకించి, రెండు కబుర్లూ ఒకే నోట చెప్పించాడు.

ఇది చిన్న విషయం కాదు. ఆయిల్ లైటు వెలిగిందంటే ఉన్నపళాన ఇంజన్ ఆపాలి, లేకపోతే ఇంజన్ పట్టేస్తుంది. చార్జింగ్ లైటు వెలిగితే భయం లేదు, మెల్లగా ఇల్లు చేరవచ్చు. ఒకటి ఆగమంటుంది, ఒకటి పొమ్మంటుంది. రెండింటికీ బల్బు ఒకటే అయితే తోలేవాడు ఏం చెయ్యాలి? రత్నం గారి ప్రాణం పోవడంలో ఆశ్చర్యం లేదు.

ట్రాక్టర్ ఆయిల్ మీటరు ఒకటి తెచ్చి, సన్న గొట్టంతో ఇంజన్‌కు కలిపాను. ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడిపాం. ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. ఎర్ర బల్బు వెలగనే లేదు. ఎంతసేపు నిలబడి చూసినా లేదు. డాక్టరు ముందు నొప్పి మాయమైనట్టు, మెకానిక్ ముందు రోగం దాక్కోవడం మామూలే.

గుమ్మం దగ్గరి నుంచి మస్తాన్ సాబ్ అరిచాడు. "అరే శెట్టీ, లైటు ఎట్లా వెలిగింది అని అడిగినావా?"

"వెలిగిందంట సాబ్, ఆరిపోయిందంట."

"అది కాదురా. నిండుగా వెలిగిందా, సగమా? మినుకుమినుకుమన్నదా? నువ్వు వెలిగిందా లేదా అని అడుగుతాండావు. పోలీసోడు అడిగినట్టు."

రత్నం గారిని అడిగితే ఆయన బిక్కమొహం వేశారు. ఎర్రగా కనపడ్డాక ఇంక దాని మొహం చూసే ధైర్యం ఉండదట. సరే, నేనూ మీతో వస్తాను అన్నాను. మీటరును డాష్‌బోర్డు మీద తాడుతో కట్టేశాను. షెడ్డులో దొరకని రోగం దారిలో దొరుకుతుంది. పిల్లలకు ఇదొక్కటి గట్టిగా చెబుతాను: బండి మీ దగ్గరకు వచ్చి చెప్పకపోతే, మీరు బండి వెంట పోండి.

కాలువ గట్టు మీద

ఆసుపత్రి దగ్గర సుభద్రమ్మ గారిని స్ట్రెచర్ మీద తెచ్చి వెనక సీటులో పడుకోబెట్టారు. నన్ను చూసి "మీకు శ్రమ ఇస్తున్నాం బాబూ" అన్నారు. నొప్పితో మొహం పాలిపోయి ఉంది, అయినా మర్యాద తప్పలేదు. నేను ముందు సీటులో రత్నం గారి పక్కన కూర్చున్నాను. ఎదుట, వెనక్కి చూసే మామూలు అద్దంతో పాటు ఇంకో చిన్న అద్దం వంచి బిగించి ఉంది. తోలుతూ ఉండగా భార్య మొహం కనిపించాలని ఆయనే పెట్టించుకున్నారట.

ఊరు దాటి కాలువ గట్టు ఎక్కాం. బళ్ళారి ఎండ గురించి బళ్ళారివాళ్ళకు చెప్పక్కర్లేదు. కిటికీలోంచి వచ్చే గాలి పెనం మీది ఆవిరిలా ఉంది. డీజిల్ ఇంజన్ మోతకు లోపల మాట వినపడదు. నా కళ్ళు బల్బు మీద, మీటరు మీద ఉన్నాయి.

కొంచెం దూరం పోయామో లేదో, బల్బు వెలిగింది.

నిండుగా కాదు. సగమే. ఆరిపోబోయే బొగ్గులాగా, వణుకుతూ. మీటరు ముల్లు మాత్రం ఇంచు కూడా కదల్లేదు. రత్నం గారి చేతులు స్టీరింగ్ మీద బిగుసుకున్నాయి. "వెలిగింది, వెలిగింది, ఆపనా?"

"ఆపొద్దు, పోనీండి. ఆయిల్ బాగుండాది. ఇది ఆయిల్ లైటు కాదు, చార్జింగ్."

ఆయన నమ్మలేక అద్దంలోకి చూశారు, బల్బు వైపు చూశారు, మళ్ళీ అద్దంలోకి చూశారు. నుదుటి మీద గీతలు పడ్డాయి. ఆ మొహం చూస్తే ఎవరైనా ఆయనకు కోపం వచ్చిందనే అనుకుంటారు. ఇంతలో బల్బు ఆరిపోయింది. ఆయన హమ్మయ్య అని వెనక్కి ఆనుకున్నారు. "చూశారా, ఇదే వరస. దానంతటదే."

దానంతటదే ఏదీ జరగదని మస్తాన్ సాబ్ నాకు నేర్పించాడు. ఏం మారిందా అని నేను చుట్టూ చూశాను. రోడ్డు అదే, వేగం అదే. వెనక్కి తిరిగాను. సుభద్రమ్మ గారి తల వైపున, కిటికీ పైన, బస్సు డ్రైవర్ల దగ్గర ఉండేలాంటి చిన్న ఫ్యాను బిగించి ఉంది. దాని రెక్కలు నెమ్మదిగా తిరుగుతూ ఆగిపోతున్నాయి. ఆమె చెయ్యి స్విచ్చి మీద నుంచి కిందికి దిగుతోంది. మెడ కింద దిండంతా చెమటతో తడిసి ఉంది.

"అమ్మా, ఫ్యాను ఎందుకు ఆపేసినారు?"

"చాల్లే బాబూ. కిటికీలోంచి గాలి వస్తోంది గదా."

"ఇంకోసారి వేస్తారా?"

ఆమె అద్దం వైపు చూసి తటపటాయించింది. తర్వాత వేసింది. బల్బు సగం వెలిగింది. ఆపమన్నాను, ఆరిపోయింది. మళ్ళీ వేయమన్నాను, మళ్ళీ వెలిగింది. నాకు ఈల వేయాలనిపించింది. ఇంతకంటే సంతోషం మా పనిలో ఇంకోటి లేదు. కానీ ఒకటి అర్థం కాలేదు. ఇంత ఎండలో ఈమె ఫ్యాను వేసి, వెంటనే ఎందుకు ఆపుతోంది? ఆ మాటే అడిగాను.

రత్నం గారు వేగం తగ్గించారు, ఇంజన్ మోత తగ్గింది.

"నేను ఫ్యాను వేసినప్పుడల్లా ఆయన మొహం అదోలా అయిపోతుంది బాబూ. ఆ అద్దంలో నాకు కనిపిస్తుంది. ఇంజన్ మీద బరువు పడుతోందేమో, నాకు నోరు తెరిచి చెప్పలేకపోతున్నారేమో అనుకుని ఆపేస్తాను. ఆపగానే ఆయన మొహం తేటపడుతుంది. ఆయన మనసు నాకు తెలియదా? అడిగితే ఉండనీ అంటారు. అందుకని అడగలేదు."

రత్నం గారు బండి ఆపేశారు. వెనక్కి తిరిగి భార్యను చూశారు.

"నేను లైటు చూసి భయపడుతున్నానే, సుభద్రా! ఫ్యాను వేశావో తీశావో నాకెట్లా తెలుస్తుంది, ఈ మోతలో? వేసవి మొదలైనప్పటి నుంచీ ఇట్లాగే ఉడికిపోతున్నావా?"

ఆయన దిగి, కాలువలో కండువా తడిపి తెచ్చి, వెనక తలుపు తెరిచి ఆమె మొహం, మెడ తుడవడం మొదలుపెట్టారు. అక్కడ నాకు పనిలేదు. దిగి పోయి బానెట్ ఎత్తి ఇంజన్‌లోకి తల పెట్టాను, చూడ్డానికి కాదు, వాళ్ళను చూడకుండా ఉండటానికి.

ఆకుపచ్చ రంగు

తల పెట్టాక కళ్ళు ఊరుకోవు కదా. ఇంజన్ చుట్టూ ఉన్న రేకంతా ఆకుపచ్చ పెయింట్‌తో నిగనిగలాడుతోంది. లారీలకు వేసే మందమైన రంగు. పొద్దున షెడ్డులో అందంగా ఉందే అనుకున్నాను గాని, అంతకు మించి ఆలోచించలేదు.

"రంగు ఎప్పుడు వేయించినారు రత్నంగారూ?" అని బానెట్ కింది నుంచే అరిచాను.

"దసరాకండీ. ఏటా ఆయుధ పూజకి లోపల కూడా రంగు వేయించి, బొట్లు పెట్టి, నిమ్మకాయలు తొక్కిస్తాం. ఈసారి మావాళ్ళు అన్నీ విప్పి మరీ శుభ్రంగా వేశారు."

అన్నీ విప్పారు. రంగు వేశారు. ఆరాక మళ్ళీ బిగించారు. అదే సంగతి.

తెలియనివాళ్ళకు చెబుతాను. బండిలో కరెంటు తీగలో పోతుంది, తిరిగి వచ్చేటప్పుడు బండి ఇనుప ఒంటిలోంచి వస్తుంది. ఇంజన్ రబ్బరు దిండ్ల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి ఒంటికీ ఇంజన్‌కూ మధ్య జడలాంటి ఒక మందపాటి తీగ కడతారు. దాన్ని మేం ఎర్త్ పట్టీ అంటాం. ఆ పట్టీ ఇనుమును తాకాలి. ఇక్కడ అది కొత్త రంగు మీద కూర్చుంది. రంగు కరెంటును రానివ్వదు. బోల్టు మరల సందున ఏదో కొంచెం దారి దొరికి చలికాలమంతా నడిచిపోయింది. వీళ్ళు రాత్రిపూట తోలరు, హెడ్‌లైట్ల అవసరం రాలేదు. ఎండాకాలం రత్నం గారు ఫ్యాను పెట్టించారు; పొద్దున చల్లటి వేళ వచ్చేటప్పుడు దాని అవసరం ఉండదు, ఎండ ముదిరాక ఇంటికి పోయేటప్పుడే అది తిరిగేది. డైనమో ఎక్కువ కరెంటు ఇవ్వాల్సి వచ్చేసరికి తిరుగుదారి చాలలేదు, చార్జింగ్ తడబడింది, బల్బు సగం వెలిగింది. ఇంకొన్నాళ్ళు ఇలాగే పోతే బ్యాటరీ దిగిపోయి, ఆసుపత్రి ముందో కాలువ గట్టు మీదో బండి మొరాయించేది.

అంటే ఆ లైటు నిజమే చెప్పింది. ఎవరి గురించి చెబుతోందో మనకు తెలియలేదు, అంతే.

మస్తాన్ సాబ్ మాట అప్పుడు లోపలికి దిగింది. కొత్తగా ఏం పెట్టించారని నేను అడిగితే ఈయన ఏమీ లేదన్నారు. అబద్ధం కాదు. ఫ్యాను ఆయన లెక్కలో బండి సామాను కాదు, భార్యకు చేసిన సేవ. రంగు పూజలో భాగం. ఆ రెండూ కలిసి వెలిగించిన లైటు అది. తారానగర్ చీరకు ఇవి చుట్టాలే.

బోల్టు విప్పి, ఆ చోట రంగు స్క్రూడ్రైవర్‌తో గీకాను. తెల్లటి ఇనుము బయటపడేదాకా గీకాను. పట్టీ చివరను కూడా గీకి, గట్టిగా బిగించాను. రూపాయి బిళ్ళంత మచ్చ పడింది, అంత అందమైన పచ్చ మీద. రత్నం గారు వచ్చి దాన్ని చూశారు.

"ఇంతేనా అండీ?"

"ఇంతే. ఇంజన్ దించే పనిలేదు. మీరు మానకుండా అమ్మను తీసుకురండి."

ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపారు.

బండి కదిలింది. సుభద్రమ్మ గారు ఫ్యాను వేశారు. బల్బు చీకటిగానే ఉంది. కొంచెం దూరం పోగానే రత్నం గారు తల తిప్పకుండా గట్టిగా అడిగారు: "సుభద్రా, ఫ్యాను తిరుగుతోందా?"

"తిరుగుతోందండీ."

ఇంకో వంపు తిరిగాక మళ్ళీ అడిగారు. వంతెన దాటాక మళ్ళీ. క్యాంపు చేరేదాకా ఆయన అడుగుతూనే ఉన్నారు, ఆమె చెబుతూనే ఉంది. నేను బల్బునే చూస్తున్నట్టు కూర్చున్నాను.

మచ్చ

మరుసటి వారం వాళ్ళు వచ్చినప్పుడు రెండో బల్బు ఒకటి పక్కన పెట్టి, పురి విప్పి, ఏ బల్బుకు ఆ తీగ కలిపాను. ఆయిల్‌కు ఎరుపు, చార్జింగ్‌కు పసుపు. ఏది వెలిగితే ఏం చెయ్యాలో ఇద్దరికీ చెప్పాను. ఇద్దరికీ అన్న మాట గమనించండి. బండిలో ఎక్కేవాళ్ళందరికీ లైటు భాష తెలియాలని అప్పటి నుంచి నా పట్టుదల.

ఆ ఏడు దసరా ముందర ముసురు పట్టిన రోజున పడవ మా షెడ్డు ముందు ఆగింది. పండక్కి రంగు వేయించడానికి తెచ్చారు. తలుపు తెరుచుకుని ముందు సీటులోంచి సుభద్రమ్మ గారు దిగారు. చేతికర్ర పట్టుకుని, మెల్లగా, కానీ తన కాళ్ళ మీద. చూపు ఆనకపోయినా మస్తాన్ సాబ్‌కు అర్థమైపోయింది. "బైఠో అమ్మా, బైఠో" అని కుర్చీ ఖాళీ చేసి లేచి నిలబడ్డాడు. ఆయన ఎవరికైనా కుర్చీ ఇవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

బానెట్ ఎత్తితే ఆ మచ్చ అలాగే ఉంది. దాని మీద మాత్రం రంగు పడనివ్వొద్దని ఆమే స్వయంగా నాకు చెప్పింది. తర్వాత బొటనవేలితో పట్టీ బోల్టు తల మీద కుంకుమ బొట్టు పెట్టింది. బొట్టుకు కరెంటు ఆగుతుందా అని కొంచెం బెంగగా నా వైపు చూసింది. "ఆగదు లేమ్మా, బోల్టు తలకే కదా" అన్నాను.

"ఈ చిన్న అద్దం తీసేయమంటారా?" అని అడిగాను.

"తీసేయండి. ఇంక దాంతో పనేముంది? మొహం పక్కనే ఉంది గదా" అంది ఆమె.

రత్నం గారు మాత్రం ఫ్యానును ముందు సీటుకు మార్చమన్నారు. మార్చాను. రంగు ఆరాక ఇద్దరూ బయలుదేరారు. బయట జల్లు పడుతోంది, గాలి చల్లగా ఉంది. ఫ్యాను జోరుగా తిరుగుతోంది. సుభద్రమ్మ గారు కొంగు భుజాల చుట్టూ లాక్కుని స్విచ్చి వైపు చెయ్యి చాపడం కిటికీలోంచి కనిపించింది.

"చలేస్తోందండీ. ఆపేస్తాను."

"ఉండనీ సుభద్రా" అన్నారాయన గేరు వేస్తూ. "తిరగనీ."